సాయంత్రం ఏడు కాగానే కనెక్షన్లు అయిపోతుంటే

మీ ప్రశ్నలోంచి నాకు అర్థమైనది ఇది. బెంగళూరులో ఫుడ్ ఆర్డర్లు తీసుకునే సర్వీసు. జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్‌తో రాసింది, వెనకాల ఎనిమిది వీసీపీయూల (వర్చువల్ ప్రాసెసర్ల) యంత్రం మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. ఆరు పాడ్లు (సర్వీసు నడిచే కాపీలు), ఒక్కోదాంట్లో హికారీ పూల్ పది, అంటే ముందే తెరిచి ఉంచి మళ్ళీ మళ్ళీ వాడుకునే పది డేటాబేస్ కనెక్షన్లు. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా లాగ్ నిండా "కనెక్షన్ ఈజ్ నాట్ అవైలబుల్, రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అన్న లైనే. పూల్‌ను యాభైకి పెంచారు. అప్పుడు డిప్లాయ్ ఐదో పాడ్ దగ్గర ఆగిపోయి, డేటాబేస్ "రిమైనింగ్ కనెక్షన్ స్లాట్స్ ఆర్ రిజర్వ్డ్" అంది, అంటే మామూలు యూజర్లకు ఇక ఖాళీ లేదని. ఇప్పుడు మీ లీడ్ డేటాబేస్ ఒప్పుకునే కనెక్షన్ల హద్దును, అంటే మ్యాక్స్ కనెక్షన్స్‌ను, 200 నుంచి 1000 చేద్దామంటున్నారు. "ఎంత పెడితే సరిపోతుందన్నా?" అని అడిగారు.

పాత పదికే తిరిగి వెళ్ళండి. వెయ్యి జోలికి పోవద్దు. ఎందుకో చెప్పడానికి మీరిచ్చిన అంకెలే చాలు.

పీక్‌లో సెకనుకు సుమారు 240 రిక్వెస్టులు అన్నారు. ఒక ఆర్డర్‌కు ఐదారు క్వెరీలు, ఒక్కోటి మూడు నాలుగు మిల్లీసెకన్లు అన్నారు. అంటే ఒక రిక్వెస్ట్ డేటాబేస్ చేత నిజంగా పని చేయించుకునేది ఓ 20 మిల్లీసెకన్లు. 240ని 0.02తో గుణించండి, 4.8 వస్తుంది. ఆరు పాడ్లకూ కలిపి ఏ క్షణంలో చూసినా ఐదు కనెక్షన్లు వాడుకలో ఉండాలి. మీ దగ్గర అరవై ఉన్నాయి, అరవైకి అరవయ్యీ అయిపోతున్నాయి. ఇప్పుడు అదే లెక్కను తిరగేయండి. 60ని 240తో భాగిస్తే 0.25. అంటే సగటున ఒక్కో రిక్వెస్ట్ కనెక్షన్‌ను 250 మిల్లీసెకన్లు పట్టుకుని కూర్చుంటోంది. అందులో పని 20. మిగతా 230 మిల్లీసెకన్లు ఆ కనెక్షన్ ఎవరి చేతిలోనో ఊరికే ఉంది. మీరు వెతకాల్సింది ఆ 230ని. ఈ లెక్కకు లిటిల్స్ లా అని పేరు, 1961లో జాన్ లిటిల్ నిరూపించారు. సగం సమస్యలను నేను డాష్‌బోర్డ్ తెరవకముందే కాగితం మీద ఈ ఒక్క గుణకారంతో పట్టుకుంటాను.

ఐదో పాడ్ దగ్గరే ఎందుకు ఆగిందో కూడా చూద్దాం, ఎందుకంటే అది చూస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. మీరు పాడ్లను ఒక్కొక్కటిగా మారుస్తున్నారు. హికారీలో మినిమమ్ ఐడిల్ (ఖాళీగానైనా తెరిచి ఉంచే కనీస కనెక్షన్లు) విడిగా చెప్పకపోతే అది మ్యాక్సిమమ్‌తో సమానం, కాబట్టి కొత్త పాడ్ లేవగానే అవసరం ఉన్నా లేకపోయినా యాభై తెరుచుకుంటుంది. మూడు కొత్తవి లేచేసరికి 150, ఇంకా ఉన్న మూడు పాతవాటివి 30, మొత్తం 180. మీ 200లో మూడింటిని పోస్ట్‌గ్రెస్ సూపర్ యూజర్ కోసం పక్కన పెడుతుంది. మిగిలింది 197 (ఇదే డేటాబేస్ వాడే మిగతా సర్వీసుల వాటాను ఈ లెక్కలో పక్కన పెడుతున్నాను). నాలుగో పాడ్‌కు పదిహేడే దొరికాయి. అయినా ఒక్కటి దొరికితే చాలు పాడ్ లేస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. దానికి బదులుగా పోయిన పాత పాడ్ వదిలిన పదీ కూడా ఈ నాలుగోదే లాక్కుంది. ఐదోదానికి ఒక్కటీ మిగల్లేదు, అక్కడే పడిపోయింది. దీన్ని బట్టి ఒక అలవాటు చేసుకోండి. పూల్ సైజును ఎప్పుడూ పాడ్ల సంఖ్యతో గుణించి చూడాలి, డిప్లాయ్ టైంలో అదనంగా లేచే పాడ్లనూ కలుపుకోవాలి. ఆటోస్కేలింగ్ (రద్దీని బట్టి పాడ్లు వాటంతటవే పెరగడం) ఉంటే దాని గరిష్ఠ సంఖ్యతో గుణించాలి.

మరి వెయ్యి పెడితే ఏమవుతుంది? పోస్ట్‌గ్రెస్ ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్ పుట్టిస్తుంది, ఒక్కోటీ కొన్ని ఎంబీల మెమరీ తింటుంది. అది భరించవచ్చు. అసలు ఇబ్బంది ఆ వెయ్యిలో నాలుగు వందలు ఒకేసారి పనికి దిగినప్పుడు. నేను రోజూ టిఫిన్ చేసే కుందలహళ్లి దర్శినిలో పెనం మీద ఒకేసారి పన్నెండు దోశలు పడతాయి. ఆదివారం పొద్దున టోకెన్లు పట్టుకుని ఎనభై మంది ఉంటారు. పెనం దగ్గరికి పన్నెండు మందినే రానిస్తే వరస చకచకా కదులుతుంది. ఎనభై మందినీ లోపలికి వదిలి, అందరికీ తలా ఒక గరిటె పిండి ముందు, తర్వాత తలా ఒక చుక్క నెయ్యి అని తిప్పి తిప్పి పోయమంటే, దోశ మాస్టర్ ఎంత గొప్పవాడైనా ఎవరికీ దోశ రాదు. ఎనిమిది వీసీపీయూల యంత్రం పరిస్థితీ అంతే. ప్రాసెస్‌లను మార్చి మార్చి నడపడానికి, ఒకే లాక్ కోసం అవి కొట్టుకుంటుంటే చూసుకోవడానికే దాని టైమంతా పోతుంది. మీరు యాభై పెట్టాక సీపీయూ 95 శాతానికి వెళ్ళి, మూడు మిల్లీసెకన్ల క్వెరీ నలభైకి చేరిందని మీరే రాశారు కదా.

పోస్ట్‌గ్రెస్ వాళ్ళలో చాలాకాలంగా నడుస్తున్న ఒక మోటు లెక్క ఉంది: కోర్ల సంఖ్యను రెండుతో గుణించి, దానికి డిస్కుల సంఖ్య కలపండి, ఒకేసారి పనిచేసే కనెక్షన్లు ఆ చుట్టుపక్కల ఉంటే చాలు. హికారీ డాక్యుమెంటేషన్ కూడా దాన్నే చెబుతుంది. హైపర్ థ్రెడ్లను (ఒకే కోర్‌ను రెండుగా చూపించేవాటిని) లెక్కలోకి తీసుకోకూడదు. మీ ఎనిమిది వీసీపీయూలు మామూలుగా నాలుగు కోర్లే. అంటే తొమ్మిదో పదో. ఎస్ఎస్‌డీలు వచ్చాక ఈ లెక్కను అక్షరాలా పట్టుకోనక్కర్లేదు, కానీ పదుల్లో ఉండాల్సిందాన్ని వందల్లో పెట్టకూడదన్న సంగతి మాత్రం మారలేదు. నిజానికి మీకు పాడ్‌కు ఐదు పెట్టినా నడుస్తుంది. పది ఉంచమంటున్నది అలవాటైన సంఖ్య కాబట్టి. ఇంకొకటి, మ్యాక్స్ కనెక్షన్స్ మార్చాలంటే పోస్ట్‌గ్రెస్‌ను రీస్టార్ట్ చేయాలి. అదొక అదనపు టెన్షన్.

ఇప్పుడు ఆ 230 మిల్లీసెకన్ల సంగతి. నాకు తగిలిన దెబ్బ చెబుతాను, మీదీ అదే జబ్బని నా అనుమానం.

2015 జనవరి. అప్పుడు నేను పనిచేస్తున్నది బస్ టికెట్లు అమ్మే ఒక కంపెనీలో. సంక్రాంతికి బెంగళూరు నుంచి మన ఊళ్ళకు టికెట్లంటే మీకు తెలియనిది కాదు. ఆ పదో తేదీ రాత్రి సైట్ మొత్తం బిగుసుకుపోయింది. డేటాబేస్ సీపీయూ చూస్తే ఆరు శాతం. నిద్రపోతోంది. ఏ కనెక్షన్ ఏం చేస్తోందో చూపించే పీజీ స్టాట్ యాక్టివిటీ తెరిస్తే ఎనభై వరసలు, అన్నింటిలోనూ సీట్ల టేబుల్‌ను అప్‌డేట్ చేసే క్వెరీయే కనిపిస్తోంది. డేటాబేస్ చూసుకునే మా డీబీఏ ఆ అప్‌డేట్‌ను పట్టుకుని ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్‌తో టైం కొలిస్తే రెండు మిల్లీసెకన్లు వచ్చింది. ఇండెక్స్ ఉంది, అంతా బాగుంది. గంటసేపు ఆ క్వెరీ చుట్టూనే తిరిగాం. పక్కనే ఉన్న స్టేట్ అనే కాలమ్‌ను ఎవరం చదవలేదు. అందులో ఎనభైకి డెబ్భై "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్" అని ఉంది. ఆ స్టేట్‌లో ఉన్నప్పుడు క్వెరీ కాలమ్‌లో కనిపించేది ఇప్పుడు నడుస్తున్న క్వెరీ కాదు, ఆఖరున నడిచి ముగిసిపోయింది. అప్‌డేట్ ఎప్పుడో అయిపోయింది. ట్రాన్సాక్షన్ (కమిట్ కొట్టేదాకా ఒకే ముక్కగా నడిచే పని) మాత్రం తెరిచే ఉంది.

ఎందుకంటే సీటు బుక్ చేసే మెథడ్ మీద ట్రాన్సాక్షనల్ అని పెట్టి (అంటే ఆ మెథడ్ ముగిసేదాకా ట్రాన్సాక్షన్ తెరిచే ఉంటుంది), లోపల సీటు అప్‌డేట్ చేసి, ఆ తర్వాత అదే మెథడ్‌లో ప్రయాణికుడికి ఎస్ఎంఎస్ పంపేవాళ్ళం. మామూలు రోజుల్లో ఎస్ఎంఎస్ గేట్‌వే 200 మిల్లీసెకన్లలో జవాబిచ్చేది. పండగ రద్దీకి అది ఎనిమిది సెకన్లు తీసుకుంటోంది. ఆ ఎనిమిది సెకన్లూ కనెక్షన్ మా చేతిలో, ఆ సీటు వరస మీద లాక్ కూడా మా చేతిలో. సెకనుకు పది బుకింగులైనా చాలు, ఎనభై కనెక్షన్లు గోవిందా. ఆ కోడ్ రాసింది ఎవరని గిట్‌లో చూస్తే నా పేరే వచ్చింది.

ఆ రాత్రికి ఎస్ఎంఎస్‌ను కామెంట్ చేసి బయటపడ్డాం. తర్వాత చేసిన సరైన పని ఇది: సీటు అప్‌డేట్‌తో పాటు అదే ట్రాన్సాక్షన్‌లో "పంపాల్సిన మెసేజ్‌లు" అనే టేబుల్‌లో ఒక వరస ఇన్సర్ట్ చేసి కమిట్ కొట్టేయడం. వేరే వర్కర్ ఆ టేబుల్‌ను చదివి ఎస్ఎంఎస్‌లు పంపుతుంది. దీనికి అవుట్‌బాక్స్ అని పేరు. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. పాత పద్ధతిలో ఎస్ఎంఎస్ వెళ్ళిపోయాక కమిట్ ఫెయిలైతే ప్రయాణికుడి ఫోన్‌లో సీటు నంబర్ ఉంటుంది, బస్సులో సీటు ఉండదు. మడివాళ దగ్గర రాత్రి పదకొండింటికి కుటుంబంతో సహా నిలబడ్డ మనిషికి మనం ఏం సమాధానం చెబుతాం?

మీ ఆర్డర్ మెథడ్ తెరిచి చూడండి. పేమెంట్ గేట్‌వే, మ్యాప్స్, నోటిఫికేషన్, ఎస్3 అప్‌లోడ్, చివరికి పక్క టీం వాళ్ళ మైక్రోసర్వీస్, ఏదైనా సరే, ట్రాన్సాక్షన్ తెరిచి ఉండగా నెట్‌వర్క్ మీద బయటికి వెళ్తోందా? డెలివరీ దూరం లెక్కకోసం మ్యాప్స్‌ను పిలుస్తున్నామని మీ ప్రశ్నలో ఒక మాట దొర్లింది. అది ఎక్కడ జరుగుతోందో నాకు చూడాలనుంది. బయటి కాల్ ముందు చేసేయండి, జవాబు చేతికొచ్చాక ట్రాన్సాక్షన్ తెరవండి, రాయాల్సింది రాసి మూసేయండి.

ఊహలతో వెతకొద్దు, హికారీయే చూపిస్తుంది. లీక్ డిటెక్షన్ త్రెషోల్డ్ అని ఒక సెట్టింగ్ ఉంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. రెండు సెకన్లకంటే తక్కువ పెట్టనివ్వదు. సరిగ్గా ఆ రెండు సెకన్లే పెట్టండి. అంతకంటే ఎక్కువసేపు కనెక్షన్ తిరిగిరాకపోతే ఎవరు తీసుకున్నారో స్టాక్ ట్రేస్‌తో సహా లాగ్‌లో రాస్తుంది. "లీక్" అన్న మాట చూసి కంగారుపడొద్దు, అది నిజంగా లీకయినా కావచ్చు, ఆలస్యంగా తిరిగొచ్చినదైనా కావచ్చు. ఆలస్యంగా వచ్చిందైతే తర్వాత ఇంకో లైన్‌లో ఆ కనెక్షన్ తిరిగొచ్చిందని కూడా చెబుతుంది. మీ సగటు 250 మిల్లీసెకన్లే అయినా, పీక్‌లో రెండు సెకన్లు దాటేవి కొన్ని దొరికే అవకాశం ఉంది. అవే మీ దొంగను పట్టిస్తాయి.

బయటి కాల్ ఏదీ ట్రాన్సాక్షన్‌లో లేదని తేలితే అప్పుడు చూడాల్సింది ఓపెన్ ఇన్ వ్యూ. స్ప్రింగ్ బూట్‌లో ఇది డిఫాల్ట్‌గా ఆన్. యాప్ లేచేటప్పుడు దీని గురించి ఒక వార్నింగ్ వస్తుంది, అందరం రోజూ చూసి రోజూ వదిలేస్తాం. ఇది ఆన్‌లో ఉంటే హైబర్నేట్ (జావా ఆబ్జెక్టులకూ టేబుళ్ళకూ మధ్య వారధి) సెషన్ రిక్వెస్ట్ మొదలు నుంచి జవాబు రాసేదాకా బతికే ఉంటుంది. మొదటి క్వెరీకి తీసుకున్న కనెక్షన్‌ను చివరిదాకా వదలదు. మీరు ట్రాన్సాక్షనల్ మెథడ్‌ను ఎంత చిన్నగా చేసినా, బయటి కాల్‌ను ఎంత పక్కకి జరిపినా, అదే రిక్వెస్ట్‌లో ఉన్నంతసేపు కనెక్షన్ మీ దగ్గరే. దాన్ని ఫాల్స్ చేయండి. చేయగానే లేజీ ఇనిషియలైజేషన్ ఎక్సెప్షన్లు (సెషన్ మూశాక ఇంకా తేని డేటాను అడిగితే వచ్చే ఎర్రర్లు) వరసగా వస్తాయి, క్యూఏ వాళ్ళు మిమ్మల్ని తిడతారు. ఆ ఎక్సెప్షన్ వచ్చిన ప్రతిచోటా మీకు తెలియకుండా ఒక క్వెరీ నడుస్తోందని అర్థం. వాటిని ఎలా సరిచేయాలో కింద చెబుతాను.

పూల్ చిన్నదిగా ఉన్నప్పుడు మాత్రమే బయటపడే ఇంకో గమ్మత్తైన తప్పు ఉంది. ఆడిట్ లాగ్ రాయడానికి చాలామంది రిక్వైర్స్ న్యూ (వేరే కొత్త ట్రాన్సాక్షన్) పెడతారు, ఆర్డర్ రోల్‌బ్యాక్ అయినా ఆడిట్ మిగలాలని. అప్పుడు ఒకే థ్రెడ్ మొదటి కనెక్షన్ పట్టుకునే రెండోది అడుగుతుంది. పది థ్రెడ్లు ఒకేసారి తలా ఒకటి తీసుకుని, రెండోదానికోసం చేయి చాస్తే పూల్‌లో ఏమీ లేదు. ఎవరూ వదలరు, ఎవరికీ రాదు. ముప్పై సెకన్లు అలాగే నిలబడి అందరూ కలిసి పడిపోతారు. మీ లాగ్‌లో టైమౌట్లు గుంపులుగా, ఒకే సెకనులో పది చొప్పున వస్తున్నాయా చూడండి. వస్తుంటే బహుశా ఇదే. వీలైతే ఆ రెండో ట్రాన్సాక్షన్‌ను తీసేయండి. తీయలేకపోతే పూల్ కనీసం ఎంత ఉండాలో ఒక సూత్రం ఉంది: ఒక్కో థ్రెడ్‌కు కావలసిన కనెక్షన్లలోంచి ఒకటి తీసేసి, థ్రెడ్ల సంఖ్యతో గుణించి, ఒకటి కలపాలి. పది థ్రెడ్లు, రెండేసి కనెక్షన్లయితే పదకొండు. ఆ ఒక్కటి ఎక్కువ ఉంటే ఎవరో ఒకరి పని పూర్తయి, ముడి విడుతుంది. కాకపోతే రిక్వెస్టులు తీసుకునే వెబ్ సర్వర్ టామ్‌క్యాట్ డిఫాల్ట్‌గా రెండొందల థ్రెడ్ల దాకా నడుపుతుంది, దానికి తగ్గట్టు పెంచుకుంటూ పోతే మళ్ళీ పెనం కథే.

పాత రిపోర్ట్ మాడ్యూల్ ఒకటి డ్రైవర్ మేనేజర్‌తో నేరుగా కనెక్షన్ తెరుస్తుందని రాశారు. దాన్ని ఈ వారమే పూల్‌లోకి తెచ్చేయండి. నేరుగా తెరిచిన ప్రతిసారీ టీసీపీ, టీఎల్ఎస్, పాస్‌వర్డ్ పరీక్ష, కొత్త ప్రాసెస్, ఇవన్నీ జరిగాకే మొదటి క్వెరీ. మధ్యలో ఎక్సెప్షన్ వస్తే క్లోజ్ లైన్ దాకా కోడ్ వెళ్ళదు. కనెక్షన్‌ను దానంతటదే మూసేసే ట్రై విత్ రిసోర్సెస్ జావా 7తో 2011లోనే వచ్చింది, ఇంకా ఫైనల్లీ బ్లాక్ రాయడం మర్చిపోయామని చెప్పే రోజులు కావివి. అదే మాడ్యూల్‌లో పేరు, తేదీ ప్లస్ గుర్తుతో అతికించి క్వెరీ కట్టడం కూడా ఉండి ఉంటుంది, అది నేను పందెం కాస్తాను. పారామీటర్లతో రాయండి. ఇంజెక్షన్ (బయటివాళ్ళు మన క్వెరీలో తమ క్వెరీ దూర్చడం) భయం పోతుంది, ప్లాన్ కూడా మళ్ళీ వాడుకోవచ్చు.

క్వెరీల సంగతికొస్తే, మీ మర్చంట్ స్క్రీన్. "నా లాప్‌టాప్‌లో వేగంగానే వస్తుంది, ప్రొడక్షన్‌లోనే నెమ్మది" అన్నారు. ఆ మాట వినగానే నాకు ఎన్ ప్లస్ వన్ గుర్తొస్తుంది. యాభై ఆర్డర్లు తెచ్చే క్వెరీ ఒకటి. ఆపైన లూప్‌లో ఒక్కో ఆర్డర్‌కు ఐటెమ్‌ల కోసం ఒకటి, కస్టమర్ కోసం ఒకటి. మొత్తం 101. లాప్‌టాప్‌లో డేటాబేస్ పక్కనే ఉంది, నాలుగు ఆర్డర్లే ఉన్నాయి, తెలియదు. ప్రొడక్షన్‌లో ఒక్కోదానికి నెట్‌వర్క్‌తో కలిపి రెండు మిల్లీసెకన్లు వేసుకున్నా రెండొందల మిల్లీసెకన్లు, అంతసేపూ కనెక్షన్ చేతిలోనే. స్లో క్వెరీ లాగ్‌లో ఇది ఎప్పటికీ కనిపించదు, ఎందుకంటే ఏ ఒక్క క్వెరీ కూడా స్లో కాదు. పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకుని, సగటు టైంతో కాకుండా ఎన్నిసార్లు పిలిచారన్న కాలమ్‌తో వరస పెట్టండి. పైన కూర్చునేది ఇలాంటిదే ఉంటుంది.

సరిచేయడం తేలికే. అవతల ఒక్కటే ఉండే సంబంధమైతే, అంటే ఆర్డర్‌కు కస్టమర్ లాంటిదైతే, జాయిన్ ఫెచ్ (రెండు టేబుళ్ళనూ ఒకే క్వెరీలో తేవడం). ఐటెమ్‌ల లాంటి జాబితా అయితే నేను జాయిన్ ఫెచ్ వాడను. పేజీలు పేజీలుగా చూపించే క్వెరీలో జాబితాను జాయిన్ ఫెచ్ చేస్తే హైబర్నేట్ "అప్లయింగ్ ఇన్ మెమరీ" అని ఒక వార్నింగ్ ఇచ్చి, లిమిట్‌ను డేటాబేస్‌కు పంపడమే మానేస్తుంది. క్వెరీకి సరిపోలిన వరసలన్నీ మెమరీలోకి లాగి, అక్కడ యాభై లెక్కపెట్టి మీకిస్తుంది. నేను చూసిన అవుటాఫ్ మెమరీల్లో ఒకటి అచ్చంగా ఇదే. దానికి బదులు డిఫాల్ట్ బ్యాచ్ ఫెచ్ సైజ్ అనే సెట్టింగ్‌ను యాభై చేస్తే, యాభై ఆర్డర్ల ఐటెమ్‌లను ఒకే ఇన్ జాబితాతో తెస్తుంది. కోడ్ ముట్టుకోకుండానే 101 క్వెరీలు మూడవుతాయి. స్క్రీన్‌కు నాలుగు కాలమ్‌లే కావాలంటే ఎంటిటీ జోలికి వెళ్ళకుండా ఆ నాలుగే సెలెక్ట్ చేయడం ఇంకా మేలు.

ఇండెక్స్‌ల గురించి రెండే మాటలు, మిగతాది ఎక్కడైనా దొరుకుతుంది. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలో ఫారిన్ కీ (ఇంకో టేబుల్‌లోని వరసను చూపించే కాలమ్) పెడితే ఇండెక్స్ దానంతటదే వస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో రాదు. మైఎస్‌క్యూఎల్ నుంచి మారిన టీంలన్నీ ఇక్కడ ఒకసారి కాలు జారుతాయి, మీరూ ఏడాది క్రితం మారామన్నారు కాబట్టి ఐటెమ్‌ల టేబుల్‌లో ఆర్డర్ ఐడీ మీద ఇండెక్స్ ఉందో లేదో ఇప్పుడే చూడండి. లేకపోతే కన్‌కరెంట్లీ అన్న మాట చేర్చి క్రియేట్ చేయండి, లేదంటే అది కట్టేంతసేపు ఆ టేబుల్‌లోకి రాతలు ఆగిపోతాయి. టేబుళ్ళలో మార్పులు నడిపే ఫ్లైవే లాంటిది వాడుతుంటే గుర్తుంచుకోండి, కన్‌కరెంట్లీ ట్రాన్సాక్షన్ లోపల నడవదు. రెండోది, "ఈరోజు ఆర్డర్లు" కోసం తేదీ కాలమ్‌ను డేట్ ఫంక్షన్‌లో చుట్టి పోల్చకండి. కాలమ్‌ను చుట్టేస్తే మామూలు ఇండెక్స్ పనికిరాదు. ఈరోజు 00:00 గంటలకంటే ఎక్కువ లేదా సమానం, రేపటి 00:00 గంటలకంటే తక్కువ అని రాయండి.

ఆఫ్‌సెట్ గురించి కూడా అడిగారు. రెండువేలవ పేజీ కావాలంటే డేటాబేస్ ముందున్న దాదాపు లక్ష వరసలనూ చదివి పారేసి యాభై ఇస్తుంది. పేజీ నంబర్లు చూపించి తీరాలన్న పట్టుదల లేకపోతే, ఆఖరు వరస తేదీ, ఐడీ గుర్తుపెట్టుకుని "దీనికంటే పాతవి యాభై" అని అడగండి. అక్కడితో ఆ గొడవ అయిపోతుంది.

టైమౌట్లు చాలామంది డిఫాల్ట్‌కే వదిలేస్తారు, నాకది నచ్చదు. హికారీలో కనెక్షన్ కోసం ఎదురుచూసే గడువు ముప్పై సెకన్లు. ఆకలితో ఉన్న మనిషి ముప్పై సెకన్లు ఆగడు, ఐదో సెకనుకే మళ్ళీ నొక్కుతాడు, మీ వరసలో ఒక్కరి బదులు నలుగురవుతారు. మూడు సెకన్లు చేయండి, దొరక్కపోతే మర్యాదగా ఎర్రర్ ఇవ్వండి. డేటాబేస్ వైపు యాప్ యూజర్‌కు స్టేట్‌మెంట్ టైమౌట్ ఐదు సెకన్లు, ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్ టైమౌట్ పది సెకన్లు పెట్టండి. ఈ రెండోది 2016లో 9.6 వెర్షన్‌తో వచ్చింది. మా సంక్రాంతికి ఏడాదిన్నర పైగా ఆలస్యం. రిపోర్టులకు వేరే యూజర్, వేరే చిన్న పూల్ పెట్టండి, రెండో మూడో కనెక్షన్లతో. అకౌంట్స్ వాళ్ళు నెలాఖరు రిపోర్ట్ తీస్తుంటే కస్టమర్ బిర్యానీ ఆగకూడదు.

హికారీలో కనెక్షన్ ఆయుష్షు చెప్పే మ్యాక్స్ లైఫ్‌టైమ్ ముప్పై నిమిషాలు డిఫాల్ట్, అలాగే ఉంచండి. దాని విలువ తెలియని రోజుల్లో మైఎస్‌క్యూఎల్‌తో మాకు రోజూ ఒక తంతు ఉండేది. ఎనిమిది గంటలు ఊరికే ఉన్న కనెక్షన్‌ను అది తెంపేస్తుంది, వెయిట్ టైమౌట్ 28800 సెకన్లు. రాత్రంతా ఎవరూ వాడరు, పొద్దున తొమ్మిదికి ముందుగా లాగిన్ అయినవాడికి ఎర్రర్. రెండోసారి నొక్కితే పనిచేసేది. ఆఫీసులో ముందొచ్చినవాడికి అదొక శిక్షలా ఉండేది.

పీజీబౌన్సర్ (పోస్ట్‌గ్రెస్ ముందు నిలబడి కనెక్షన్లు పంచే ప్రోగ్రామ్) పెట్టమని మీకు ఎవరో చెప్పారట. మంచిదే, కానీ ఇప్పుడు వద్దు. ట్రాన్సాక్షన్ మోడ్‌లో అది కమిట్ అయ్యేదాకా కనెక్షన్‌ను ఒకరికే ఇస్తుంది, మీరు మ్యాప్స్ కోసం ట్రాన్సాక్షన్ తెరిచిపెట్టి కూర్చుంటే అదీ చేతులెత్తేస్తుంది. జబ్బు నయమయ్యాక, పాడ్లు నలభై యాభైకి చేరిన రోజున తెచ్చుకోండి. అప్పుడు సెషన్ మీద ఆధారపడే వాటిని, అంటే సెట్ చేసుకున్న వేరియబుల్స్, లిజన్, సెషన్ అడ్వైజరీ లాక్‌లను ముందే ఏరేయాలి. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ల గొడవ మాత్రం 2023లో వచ్చిన 1.21 వెర్షన్‌తో చాలావరకు తీరింది.

మీ పక్క టీం వాళ్ళవి పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో, గో భాషలో రాసిన సర్వీసులు ఇదే డేటాబేస్‌ను వాడుతున్నాయన్నారు కాబట్టి వాళ్ళకూ ఒక మాట చెప్పండి. జాంగోలో కనెక్షన్ మ్యాక్స్ ఏజ్ డిఫాల్ట్ సున్నా, అంటే ప్రతి రిక్వెస్ట్‌కూ కొత్త కనెక్షన్. పోస్ట్‌గ్రెస్‌కు సొంత పూల్ 5.1లో, 2024లో గానీ రాలేదు. గోలో దీనికి ఉల్టా. ఓపెన్ కనెక్షన్లకు డిఫాల్ట్‌గా హద్దే లేదు, ఖాళీగా ఉంచుకునేవి మాత్రం రెండే. రద్దీలో వందలు తెరుస్తుంది, వెంటనే మూసేస్తుంది, మళ్ళీ తెరుస్తుంది. రెండూ సమానంగా పెట్టమనండి, ఓ పది. 197లో ఎవరి వాటా ఎంతో ఒక కాగితం మీద రాసుకోకపోతే మీరు ఎంత పొదుపు చేసినా వాళ్ళు తినేస్తారు.

రేపు చేయాల్సింది మూడే: పూల్ పది, లీక్ డిటెక్షన్ రెండు సెకన్లు, ఎదురుచూపు మూడు సెకన్లు. ఓపెన్ ఇన్ వ్యూను ముందు స్టేజింగ్‌లో (ప్రొడక్షన్‌కు ముందు పరీక్షించే చోట) ఆపండి, శుక్రవారం మాత్రం వద్దు. రేపు సాయంత్రం ఏడున్నరకు పీజీ స్టాట్ యాక్టివిటీలో స్టేట్ కాలమ్‌తో గ్రూప్ చేసి ఎన్నెన్ని ఉన్నాయో తీయండి. ఆ అంకెలూ, లాగ్‌లో వచ్చిన మొదటి రెండు స్టాక్ ట్రేసులూ ఇక్కడ పెట్టండి. కస్టమర్ల ఫోన్ నంబర్లు, డేటాబేస్ పాస్‌వర్డ్ చెరిపేసి పెట్టండి, పోయినసారి ఒకాయన అలాగే అతికించేశాడు.